చిలకమ్మ పేరు, మనువు నిషేధం

ఆడపిల్లకు పక్షి పేరు పెట్టడం తగునా అన్న ప్రశ్నకు ధర్మశాస్త్రం ఇచ్చిన జవాబు కటువైనదే. నక్షత్రాలు, చెట్లు, నదులు, కొండలు, పాములతో పాటు పక్షుల పేర్లు గల కన్యను సైతం వివాహమాడరాదని మనుస్మృతి మూడవ అధ్యాయంలోని 9వ శ్లోకం విధిస్తుంది గాని, కారణం మాత్రం చెప్పదు. ఈ విధిని అక్షరాలా పాటిస్తే రోహిణికీ గంగకూ కూడా పెళ్ళి కాదు. ఉత్తరాంధ్రలో చిలకమ్మ అన్న పేరు ఈ నిషేధాన్ని ఎన్నడూ లెక్కచేసినట్టు కనబడదు.

పురాణేతిహాసాలు జనం పక్షానే నిలిచాయి. అడవిలో విడువబడిన శిశువును శకుంతాలు, అనగా పక్షులు, చుట్టూ చేరి కాపాడినందున కణ్వుడు ఆమెకు శకుంతల అని పేరు పెట్టాడని మహాభారతం ఆదిపర్వం చెబుతుంది. ఇక్కడి పేరు పోలికను చెప్పడం లేదు, కన్నవారు వదిలిన బిడ్డకు పక్షులు చేసిన ఉపకారాన్ని స్మరిస్తున్నది. చిలక పేరు సంగతి ఇంతకంటే చిక్కైనది. అర్థం తెలియకుండా వల్లించే మాటలను తెలుగువారు చిలకపలుకులంటారు. పరీక్షిత్తుకు ఏడు రోజులు భాగవతం వినిపించిన జ్ఞాని శుకుడి పేరుకూ చిలక అనే అర్థం. తెలియని పలుకు, తెలిసిన పలుకు రెండూ ఒకే పక్షి నోట ఉన్నాయన్నమాట. హంస పేరుకు ఇటువంటి ఇబ్బంది లేదు. లోనికీ బయటికీ సాగే శ్వాసలో ‘సోహం’, అంటే ‘అతడే నేను’, అన్న మంత్రాన్ని విన్న యోగులు జీవాత్మనే హంస అన్నారు. అయితే హంస సిద్ధాంతంలోని పక్షి, చిలక పెరట్లో జామపండు కొరికే పక్షి. తల్లులు ముద్దుగా పిలవడానికి రెండవదాన్నే ఎక్కువగా ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

వేదపదాల వ్యుత్పత్తిని విచారించిన యాస్కుడు తన నిరుక్తంలో, కాకి పేరు దాని కూతను అనుకరించి పుట్టిందనీ, ఇటువంటి పేర్లు పక్షుల్లోనే ఎక్కువనీ అన్నాడు. ఔపమన్యవుడనే ఆచార్యుడు ఇందుకు ఒప్పుకోక, ప్రతి పేరుకూ అర్థం నుంచే పుట్టుక ఉండాలని వాదించాడు. నామకరణం నాడు పళ్ళెంలోని బియ్యంపై ఉంగరంతో రాసి, చెవిలో చెప్పే పేరు శిశువుకు అర్థంగా చేరదు, ధ్వనిగానే చేరుతుంది; పంజరంలోని చిలకా తన పేరును అలాగే నేర్చుకుంటుంది.