విడిచిన భోజనము త్యాగమా?

“పనిలో పడి అన్నము మాటే మరచితిని” అని చెప్పునపుడు మన కంఠములో ఒక చిన్న గర్వము ధ్వనించును. ఉపవాసము భక్తికి గుర్తైనట్లే, మధ్యాహ్న భోజనము మానుట కర్తవ్యనిష్ఠకు గుర్తని మనలో అనేకులు తలంచుదురు. ఈ తలంపు సరియైనదేనా? అది నిజముగా త్యాగమా, లేక త్యాగమను పేరు పెట్టుకొనిన మరియొకటా?

చాల ఏండ్ల క్రిందట నేనొక కార్యాలయములో ఒక విభాగమునకు పైవాడనుగా నుంటిని. ఒంటిగంటకు భోజన విరామము. నేను మాత్రము మూడు గంటలు దాటిన పిమ్మట టిఫిను క్యారియరు తెరచి, ఒక చేత ఫైలు త్రిప్పుచు, రెండవ చేత అన్నము మ్రింగెడివాడను. ఎవరైనను చూచి మెచ్చుకొనినచో లోలోపల సంతోషించెడివాడను. ఒక వేసవి మధ్యాహ్నము మా అటెండరు బీరువా ప్రక్కన చెమటలు పట్టి కూలబడెను. అతడు చక్కెర వ్యాధికి మాత్రలు వాడుచుండెను. ఉదయము మాత్ర వేసికొని, మధ్యాహ్నము ఏమియు తినకపోవుటచే రక్తములోని చక్కెర పడిపోయెను. పంచదార నీళ్లు త్రాగించగా తేరుకొనెను. “ఇంతవరకు ఏల తినలేదయ్యా?” అని అడిగితిని. “అయ్యగారు లేవలేదు గదండీ. తమరు తినకుండా నేనెట్లా తినేదండీ?” అనెను.

ఆ గదిలో మేము ఏడుగురము. నేనొక్కడనే త్యాగము చేయుచున్నాననుకొంటిని. కాని మిగిలిన ఆరుగురిచేత వారి ఇష్టములేకుండ దానిని చేయించుచుంటిని.

ఉపవాసము మనుష్యులకు కనబడకుండ చేయవలెనని మనము నేర్చుకొంటిమి. నేను మానిన భోజనమో, అందరికిని కనబడుటకే మానబడినది. పోనీ, పనికైనను మేలు కలిగెనా? ఆకలితో మూడు గంటలవేళ నేను కూడిన లెక్కలను మరునాటి ఉదయము తిరిగి కూడవలసి వచ్చెడిది.

ఇది చిన్న సంగతి కాదు. 2023లో ప్రచురింపబడిన ఒక విస్తృత పరిశోధన మన దేశములో చక్కెర వ్యాధిగ్రస్తులు పది కోట్లకు పైగా నున్నారని అంచనా వేసెను. అటువంటివారిలో కొన్ని మాత్రలు వాడువారికి భోజనవేళ తప్పుట ప్రమాదకరము. ఆరోగ్యవంతులకును ఆలస్యపు ఆకలి మేలు చేయదు. కడుపు నిండినదని మెదడునకు తెలియుటకు దాదాపు ఇరువది నిమిషములు పట్టును. అయిదు నిమిషములలో మ్రింగువాడు ఆలోగానే అవసరమునకు మించి తినును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావలెను. మన డబ్బాలలోనో, తెల్లని అన్నము నిండుగా, కూర అంచున ఒక చెంచాడు!

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, వయోజన కార్మికుడు అయిదు గంటలకు మించి ఎడతెగక పనిచేయరాదనియు, నడుమ కనీసము అరగంట విశ్రాంతి ఉండవలెననియు విధించెను. యజమాని దయగా నున్న దానిని చట్టము హక్కుగా చేసెను. అయితే పైవాని కనుచూపుతోనే హరింపబడు హక్కును ఏ చట్టము కాపాడగలదు?

అందరును గర్వముచేతనే భోజనము విడుచుదురని నేననను. ప్రసవపు గదిలోని నర్సు బిడ్డ పుట్టువరకు కదలలేదు. తెల్లవారకముందే మూడు డబ్బాలు కట్టి, తనకు నాలుగవది మిగుల్చుకొనక పనికి పరుగెత్తు తల్లులు ఎందరో. వీరు చేయునది త్యాగమే. ఏలయనగా దానివలన మరియొకరికి మేలు కలుగుచున్నది. అయినను ఒకరి త్యాగమును ప్రతిదినము అనుభవించుచు, దానిని మెచ్చుకొని ఊరకుండుట మనకు న్యాయమా? నాలుగవ డబ్బా కట్టుటకు ఆ యింట మరి చేతులు లేవా?

బదరీవృక్షము క్రింద చావు కోరుకొనిన ఏలీయాను జ్ఞాపకము చేసికొందము. దేవదూత అతనిని గద్దింపలేదు, వెంటనే పనికి పంపలేదు. రెండుమారులు తట్టి లేపి, భోజనము చేయమనెను. హోరేబు ప్రయాణము ఆ భోజనము తరువాతనే. మన బలహీనతను ఎరిగినవాడే భోజనమును పనికి ముందుంచెను.

ఆనాటినుండి ఒంటిగంట కొట్టగానే అందరికంటె ముందు నేనే లేచితిని. మొదట సిగ్గనిపించెను. కొన్నాళ్లకు ఏడు డబ్బాలు ఒకే బల్లమీద తెరువబడెను. కూరలు చేతులు మారెను. మీ క్రింద పనిచేయువారు, మీ యింట వంటచేయువారు ఈ దినమున ఏ వేళకు భోజనము చేసిరో మీకు తెలియునా? తెలియనియెడల, మొదట మీరు లేవుడి.