అంధుడు అంధుడికి దారి చూపితే

కఠోపనిషత్తు మొదటి అధ్యాయం రెండో వల్లిలో యముడు నచికేతుడికి ఒక ఉపమానం చెబుతాడు. అవిద్యలో మునిగి ఉండి కూడా తామే పండితులమనుకునేవారు అంధుడి వెంట నడిచే అంధుల్లా తిరుగుతూనే ఉంటారు, గమ్యం చేరరు. ముండకోపనిషత్తులోనూ దాదాపు ఇదే మాట ఉంది. మత్తయి సువార్త 15వ అధ్యాయంలో ఏసు చెప్పిన ప్రకారం అంధుడు అంధుడికి దారి చూపితే ఇద్దరూ గోతిలోనే పడతారు. ఉపనిషత్తుకూ సువార్తకూ ఇది పోలిక మాత్రమే. సహాయక సాంకేతికత నేర్పే అంధ నిపుణుడికి ఇది రోజువారీ వృత్తి. కంప్యూటర్‌ను చెవితో చదవడం, ఫోన్‌ను వేలితో తడిమి వాడటం, తెల్లకర్రతో వీధి దాటడం అతను నేర్పేది తనలాగే చూపులేనివారికి. అసాధ్యానికి ఉదాహరణగా శాస్త్రాలు ఎంచుకున్న పని ఇలా నిత్యం జరుగుతున్నప్పుడు, దారి తెలియడమంటే ఏమిటన్న ప్రశ్న మళ్లీ అడగవలసి వస్తుంది. ఆ తెలివిడి కంటిలో ఉందా, మరెక్కడైనా ఉందా?

ఉపమానం గురి

సందర్భం చూస్తే యముడు చూపులేనితనాన్ని నిందించడం లేదు. మేలైన శ్రేయస్సునూ ఇష్టమైన ప్రేయస్సునూ వేరుచేసి చెప్పి, ధనమోహంతో ఈ లోకం తప్ప మరొకటి లేదనుకునేవారి గురించి మాట్లాడుతున్నాడు. తమకు తెలియదన్న సంగతే తెలియకపోవడం వారి లోపం. అడుగు వేసే ముందు దారిని పరీక్షించుకోవాలన్న ఆలోచన వారికి రాదు.

తెల్లకర్ర పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1944లో అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ పొడవాటి కర్రతో నడిచే పద్ధతిని రూపొందించాడు. కర్ర మొన భుజాల వెడల్పున అటూ ఇటూ కదులుతుంది. కుడికాలు ముందుకు పడేటప్పుడు మొన ఎడమవైపు నేలను తాకుతుంది, ఎడమకాలు పడేటప్పుడు కుడివైపు నేలను. కాలు మోపబోయే ప్రతి చోటూ ముందే పరీక్షకు వస్తుంది. ఇలా నడిచేవాడు ముందున్నది తనకు తెలియదన్న ఎరుకతోనే అడుగు వేస్తాడు. యముడి పోలికలోని మనిషి ఇతను కాడు. చూడని దారిని చూసిన దారిగా నమ్మి నడిచే కళ్లున్నవాడు ఆ పోలికలో ఇంకా బాగా ఇముడుతాడు.

కన్ను ఒక కరణం

బృహదారణ్యకోపనిషత్తు నాలుగో అధ్యాయంలో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి మనిషికి వెలుగు ఏదని అడుగుతాడు. సూర్యుడని జవాబు. సూర్యుడు అస్తమిస్తే చంద్రుడు, చంద్రుడూ లేకపోతే అగ్ని. అగ్ని కూడా చల్లారితే వాక్కే వెలుగు: తన చేయి తనకు కనిపించని చీకట్లో మనిషి మాట వినిపించిన వైపు నడుస్తాడు. వాక్కు సైతం ఆగినప్పుడు మిగిలేది ఆత్మజ్యోతి. కంటికి పనికొచ్చే వెలుగుల తర్వాత, ఆత్మకు ముందు, ఈ వరుసలో శబ్దానికి చోటు దక్కింది. తెరమీది అక్షరాలను పలికే స్క్రీన్ రీడర్ పనిచేసేది ఆ చోటులోనే.

న్యాయసూత్రాల మూడో అధ్యాయం మొదట్లో గౌతముడు దీనికి దగ్గరి విషయాన్ని వాదంగా నిలబెట్టాడు. కంటితో చూసిన వస్తువునే చేత్తో తాకి, అది ఇదేనని గుర్తిస్తాం. రెండు ఇంద్రియాలు పట్టుకున్నది ఒకే వస్తువని తెలిసిందంటే, ఆ రెండింటినీ వాడుకునే జ్ఞాత వాటికి వేరుగా ఉండాలి. ఈ లెక్కన కన్ను తెలుసుకునేవాడి చేతిలోని సాధనం, అంటే కరణం. ఒక కరణం లేకపోతే తెలుసుకునే పద్ధతి మారుతుంది, జ్ఞాత తరిగిపోడు.

పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో ఇదే చోట ఒక చిక్కు తలెత్తింది. పుట్టు అంధుడికి చూపు వస్తే, చేత్తో తడిమి ఎరిగిన ఘనాన్నీ గోళాన్నీ కంటితో చూసి పోల్చుకోగలడా అని ఐర్లండ్‌కు చెందిన విలియం మోలినో 1688లో జాన్ లాక్‌కు రాశాడు. పోల్చుకోలేడన్నదే మోలినో అభిప్రాయం, లాక్ కూడా అలాగే భావించాడు. మూడు శతాబ్దాల తర్వాత, భారతదేశంలో చూపులేని పిల్లలకు చికిత్స చేయించే ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో ఎంఐటీ శాస్త్రవేత్త పవన్ సిన్హా బృందం ఐదుగురిని ఇలాగే పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించింది. చూపు వచ్చిన వెంటనే వారు చేతికి తెలిసిన వస్తువును కంటితో పోల్చలేకపోయారు. తర్వాత మళ్లీ పరీక్షించినవారిలో కొద్ది రోజుల్లోనే ఆ నేర్పు కనిపించింది. ఇంద్రియాల మధ్య లంకె అభ్యాసంతో కుదురుతుందని దీని అర్థం. జ్ఞాత ఒకడేనన్న న్యాయదర్శనం మాట దీనివల్ల వీగిపోదు. కరణాలను కలిపి వాడటం మాత్రం సాధన చేస్తేనే వస్తుందని తేలుతుంది. కంటితో సంబంధం లేకుండా చెవినీ వేలినీ కర్రనూ కలిపి వాడటం నేర్పే వృత్తికి పునాది ఇదే.

పద్మనగర్ వీధుల్లో

ఈ సాధన వీధిలో ఎలా సాగుతుందో ఒక ఊళ్లో చూద్దాం. మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో ఉన్న భివండి మరమగ్గాల పట్టణం. అందులో పద్మనగర్ తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీల పేట. వాక్కునూ శబ్దాన్నీ వెలుగుగా చేసుకుని బతికే మనిషికి ఇలాంటి పేట పెద్ద పరీక్ష పెడుతుంది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే కార్ఖానాలో చప్పుడు 90 డెసిబెళ్లు దాటడం మామూలు. తెల్లకర్ర నేలను తాకినప్పుడు గోడ నుంచి ఒక రకంగా, సందు మొదట్లో ఇంకో రకంగా వచ్చే ప్రతిధ్వనిని ఈ హోరు మింగేస్తుంది. వెనక వచ్చే టెంపో హారన్, నూలు చుట్టిన బీములు మోసే బండివాడి కేక ఆలస్యంగా అందుతాయి. కళ్లున్నవారికి పొగమంచు చేసే పనిని ఇక్కడ మోత చేస్తుంది.

అదే మోత ఆనవాలుగానూ పనికొస్తుంది. తెరిచిన కార్ఖానా తలుపు దగ్గర చప్పుడు ఉన్నట్టుండి పెరిగి, దాటాక తగ్గుతుంది. నూలుకు గంజి పట్టించే సైజింగ్ దగ్గర గంజి వాసన, ఆవిరి వేడి తగులుతాయి. కరెంటు పోతే సాంచాలు ఆగి, ఆ ఆనవాళ్లలో సగం మాయమవుతాయి, ప్రతిధ్వని మాత్రం తిరిగి వస్తుంది. పని కోసం ముంబై వైపు వెళ్లాలంటే ముందు బస్సులోనో షేర్ ఆటోలోనో కల్యాణ్‌కు గానీ ఠాణేకు గానీ చేరాలి. అక్కడి నుంచి లోకల్ రైలు. వికలాంగుల పెట్టె ఆగే చోటును తెలపడానికి కొన్ని స్టేషన్లలో ప్లాట్‌ఫారం మీద బీప్ శబ్దం వినిపిస్తుంది, పెట్టెలో రాబోయే స్టేషన్ పేరు మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల్లో ప్రకటిస్తారు. ఈ రెండూ ఉన్నచోట ప్రయాణికుడు తన దారి తానే చూసుకుంటాడు. ఇవి మూగబోయిన రోజున పక్కవారిని అడగాలి. మనిషి అదే, నైపుణ్యం అదే. మారింది స్టేషన్ తీరు.

పాఠం చెప్పే పనిలోనూ ఇదే తేలుతుంది. మౌస్ పక్కనపెట్టి కీబోర్డుతోనే అన్నీ చేయడం, హెచ్ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు గెంతడం, ఫోన్ తెర మీద వేలిని పక్కకు తోసి ఒక్కో అంశం విని, కావలసినదాన్ని రెండుసార్లు తట్టి తెరవడం మొదటి పాఠాలు. రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరిలో విడుదల చేసిన, నోటు విలువ చెప్పే మణి యాప్ వాడకమూ వీటిలో చేరుతుంది. తెలుగు, మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు నాలుగూ కలిసే ఊళ్లో స్క్రీన్ రీడర్ గొంతును భాషకు తగ్గట్టు మార్చుకోవడమూ నేర్పాలి. ఇంతా నేర్చుకున్న విద్యార్థికి కులసంఘం కరపత్రమో పెళ్లిపత్రికో తెలుగులో వస్తుంది. అది యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కూర్చినదైతే స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని గుర్తుల వరుస అవుతుంది, ఫోటోగా పంపినదైతే అక్షరాలే దొరకవు. దాన్నే యూనికోడ్‌లో కూరిస్తే ఈస్పీక్ వంటి కంప్యూటర్ గొంతు తెలుగులోనే చదివి వినిపిస్తుంది. చదవలేకపోవడానికి కారణం చదివేవాడిలో లేదని, రాసినవారు ఒక్క కంటినే దృష్టిలో పెట్టుకున్నారని అప్పుడు తెలుస్తుంది.

గురుపరంపర

ఈ పనిముట్లలో ముఖ్యమైనవి కొన్ని అంధులే కనిపెట్టినవి. చుక్కల లిపిని 1829లో ప్రచురించిన లూయీ బ్రెయిల్ అంధుడు. 1989లో వచ్చిన జాస్ స్క్రీన్ రీడర్ వెనక ఉన్న టెడ్ హెంటర్ ప్రమాదంలో చూపు కోల్పోయినవాడు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్, అతనితో కలిసి దాన్ని పెంచిన జేమ్స్ తే ఇద్దరూ చూపులేనివారే. అది ఉచితం కావడం వల్ల పద్మనగర్ లాంటి పేటలోని విద్యార్థికీ అందుతుంది.

మహారాష్ట్రకే చెందిన ఉదాహరణ టి.వి. రామన్. పుణెలో పెరిగిన ఆయనకు గ్లకోమా వల్ల 14 ఏళ్ల వయసులో చూపు పోయింది. ఐఐటీ బొంబాయిలో చదివి, గణిత సూత్రాలను చెవికి అర్థమయ్యేలా పలికే వ్యవస్థ మీద 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందారు. 1995లో కంప్యూటర్‌ను మాటతో వాడుకోనిచ్చే ఈమాక్‌స్పీక్ విడుదల చేశారు. 2005లో గూగుల్‌లో చేరి ఫోన్లు, బ్రౌజర్లు మాట్లాడేలా చేసే పనిలో పాలుపంచుకున్నారు. తెర మీద ఏది ఎక్కడ ఉందో వర్ణించడం కన్నా, ఉన్న సమాచారాన్ని చెవికి తగిన రూపంలో నేరుగా పలికించడం మేలన్నది ఈమాక్‌స్పీక్ వెనక ఉన్న ఆలోచన. కళ్లున్నవాడి అనుభవానికి నకలు తయారుచేయడం దాని లక్ష్యం కాదు. వినికిడిని దానికదే పూర్తి కరణంగా తీసుకోవడంలో అది నైయాయికుల దారికి దగ్గరగా వస్తుంది.

ఊత, స్వేచ్ఛ

పనిముట్టు మీదా తోటివారి మీదా ఇంతగా ఆధారపడేవాడు స్వతంత్రుడెలా అవుతాడన్నది తర్వాతి ప్రశ్న. సాంఖ్యకారిక 21వ శ్లోకంలో జడమైన ప్రకృతికీ చైతన్యమైన పురుషుడికీ మధ్య కలయికకు అంధుడు, కుంటివాడు పోలిక. చూడగలిగే కుంటివాడు పురుషుడు, నడవగలిగే అంధుడు ప్రకృతి. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులు దీన్ని ఆక్షేపించారు. కుంటివాడు కనీసం మాటతో అంధుణ్ణి నడిపిస్తాడు, సాంఖ్యుల పురుషుడు ఏ పనీ చేయనివాడు కదా అన్నది ఆయన వాదం. పోలిక నిలవాలంటే ఇద్దరి మధ్యా మాట నడవాలని ఆ ఆక్షేపణ వల్ల స్పష్టమవుతుంది. మాట నడిచాక ఎవరు ఎవరిని మోస్తున్నారన్నది ఒకవైపు నుంచే చెప్పలేం.

సాంచా నడిపే కార్మికుడికీ నూలు, కరెంటు, చెడితే బాగుచేసే జాబర్ కావాలి. ఊత లేని మనిషి లేడు. ఊతను తానే ఎంచుకోవడం, మార్చుకోవడం, వద్దనగలగడం స్వేచ్ఛకు గుర్తులు. తోడు నడిచే పద్ధతిలో ఈ తేడా స్పష్టంగా ఉంటుంది. సహాయకుడు అంధుడి చేయి పట్టి లాగకూడదు. అంధుడే సహాయకుడి మోచేతి పైభాగాన్ని పట్టుకుని అర అడుగు వెనక నడుస్తాడు. అవసరం తీరగానే వదిలేసేది కూడా అతనే.

కర్మ అన్న జవాబు

చూపులేకపోవడం పూర్వజన్మ ఫలమన్న మాట తెలుగు ఇళ్లలో తరచు వినిపిస్తుంది. ప్రారబ్ధ సిద్ధాంతాన్ని ఒప్పుకున్నా, అది చెప్పగలిగేది ఒక స్థితి ఎందుకు వచ్చిందన్నంత వరకే. ఆ స్థితిలో ఉన్నవారి పట్ల ఇరుగుపొరుగు ఏం చేయాలన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న, దానికి కర్మ జవాబు కాదు. యోగవాసిష్ఠం ముముక్షు ప్రకరణం దైవం కన్నా పౌరుషానిదే పైచేయి అని విస్తారంగా వాదిస్తుంది. పద్మశాలీలు తమ మూలపురుషుడిగా కొలిచే మార్కండేయుడి కథ సరిగ్గా ఇదే. పదహారేళ్లకే తీరిపోవలసిన ఆయువును ఆ బాలుడు విధిగా ఒప్పుకోలేదు.

ఇతర మతాలూ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు అంధుణ్ణి చూసిన శిష్యులు, పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా అని అడిగితే ఏసు రెండూ కాదంటాడు. ఖురాన్ 80వ సూరా, వ్యాఖ్యాతలు చెప్పే సందర్భం ప్రకారం, పెద్దలతో మాట్లాడుతూ అంధుడైన అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్‌ను పట్టించుకోనందుకు ప్రవక్తను మందలిస్తూ మొదలవుతుంది. ఆ అబ్దుల్లాయే తర్వాత మదీనాలో అజాన్ పలికేవారిలో ఒకరయ్యాడు. మూడు సంప్రదాయాల్లోనూ కారణం వెతికే చూపు కర్తవ్యం వైపు మళ్లుతుంది.

పోషణ, భాగం

ఆ కర్తవ్యం ఏమిటన్నదానిపై పాత జవాబు సగంలోనే ఆగింది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం పుట్టు అంధులకు ఆస్తిలో భాగం లేదంటుంది. ఆ వెంటనే వారికి శక్తికొలదీ కూడూ గుడ్డా ఇవ్వడం వారసుల విధి అంటుంది. ధృతరాష్ట్రుడికి మొదట రాజ్యం దక్కకపోవడం ఈ ఆలోచనకు ఇతిహాస రూపం. పోషణ ఉంది, భాగం లేదు. 1928 నాటి చట్టం అంధత్వం కారణంగా హిందువుల వారసత్వాన్ని నిరాకరించడాన్ని తొలగించింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ రోగం, అవయవ లోపం ఎవరినీ అనర్హులను చేయవని తేల్చింది.

ఆస్తిలో వచ్చిన మార్పు సమాచారంలోకి రావడానికి మరో ఆరు దశాబ్దాలు పట్టింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం రవాణా, సమాచారం, సాంకేతికత అందరూ వాడుకోగలిగేలా ఉండటాన్ని ప్రభుత్వ బాధ్యతగా చేసింది. బ్యాంకు ఖాతా కోసం ఫోన్ ముందు కనురెప్ప ఆర్పి చూపమనే కేవైసీ (గుర్తింపు నిర్ధారణ) పద్ధతి మీద వచ్చిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. ఇప్పుడు అడుగుతున్నది దయ కాదు, వాటా. కన్ను అనేక కరణాల్లో ఒకటే అయినప్పుడు, రైలు ప్రకటననూ కరపత్రాన్నీ బ్యాంకు యాప్‌నూ ఆ ఒక్క కరణానికే పరిమితం చేయడం మిగతా కరణాలతో బతికేవారి భాగాన్ని పక్కన పెట్టుకోవడం అవుతుంది. ఆ భాగం ఎక్కడ ఆగిపోయిందో కర్రతో, చెవితో వెతికి చూపడం అంధ నిపుణుడి పని. దాన్ని చెల్లించడం ప్రకటన చేసేవారి, పత్రం అచ్చువేసేవారి, యాప్ తయారుచేసేవారి ధర్మం.