కోరిక, కర్తవ్యం, విశ్వాసం

మనిషి ఎలా జీవించాలి? తన మనసుకు నచ్చినట్లా, లోకం మెచ్చే న్యాయం ప్రకారమా, లేక తనను పుట్టించిన ప్రభువు ఆజ్ఞ ప్రకారమా? ఈ మూడూ ఒకటేనన్నట్లు మనం రోజులు గడిపేస్తాం. కాని ఒక్కోసారి ఇవి మూడు దారులై మన ముందు నిలబడతాయి. అప్పుడు ఒకదాన్ని ఎంచుకోక తప్పదు.

డెన్మార్క్ దేశానికి చెందిన సోరెన్ కీర్కెగార్డ్ (1813-1855) అనే తత్వవేత్త ఈ ప్రశ్న చుట్టూనే తన ముఖ్య రచనలు చేశాడు. తరువాతి కాలంలో అస్తిత్వవాదంగా పేరుపొందిన ఆలోచనాధారకు ఆయన్ను మూలపురుషునిగా పరిగణిస్తారు. ఆయన క్రైస్తవుడు. ఆయన విశ్వాసాలన్నిటితో మనం ఏకీభవించలేము. అయినా ఆయన లేవనెత్తిన ప్రశ్న మనది కూడా. పైగా దాని కేంద్రంలో ఉన్నది మనం నమాజులో దరూద్ పఠిస్తూ స్మరించుకునే హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) గాథే.

భోగ జీవితం

1843లో కీర్కెగార్డ్ 'ఇదో అదో' అనే అర్థం వచ్చే పేరుతో ఒక గ్రంథాన్ని మారుపేరుతో ప్రచురించాడు. దాని మొదటి భాగంలో మాట్లాడేది ఒక రసికుడు. తెలివైనవాడు, సంగీతం, నాటకం బాగా ఎరిగినవాడు. అతని పెద్ద శత్రువు విసుగు. రైతు పంట మార్చినట్లు అనుభవాలను మార్చుకుంటూ పోతే విసుగు దరిచేరదని అతని సిద్ధాంతం. అందుకే గాఢమైన స్నేహం వద్దు, పెళ్ళి వద్దు, ఉద్యోగ బాధ్యత వద్దు అంటాడు. అతనికి ఎదుటి మనిషి ఒక అనుభవం మాత్రమే. అనుభవం పాతబడగానే ఆ మనిషితో పని తీరిపోతుంది.

సెల్‌ఫోను తెరపై వేలితో ఒకదాని తరువాత ఒకటి తోసుకుంటూ అర్ధరాత్రి దాకా మేలుకునే నేటి మనిషికి ఇతను కొత్తవాడేమీ కాదు. తన కోరికనే దైవంగా చేసుకున్నవాని గురించి దివ్య ఖుర్ఆన్ 'అల్ జాసియా' సూరాలో హెచ్చరించింది. ఇలాంటివాడు స్వేచ్ఛగా ఉన్నానని అనుకుంటాడు. నిజానికి అతను తన నఫ్స్‌కు బానిస.

నైతిక జీవితం

గ్రంథం రెండో భాగంలో విలియం అనే న్యాయమూర్తి ఆ రసికునికి లేఖలు రాస్తాడు. వివాహం ప్రేమను చంపదని, దానికి నిలకడను ఇస్తుందని వాదిస్తాడు. బాధ్యతను ఎంచుకున్నప్పుడే మనిషి మనిషి అవుతాడని, ఏదీ ఎంచుకోనివాడు చివరికి తనను తానే పోగొట్టుకుంటాడని అతని వాదన.

ఇందులో ఎంతో సత్యముంది. కాని మాటకు కట్టుబడి, అప్పు ఎగ్గొట్టకుండా, భార్యాబిడ్డలను చక్కగా చూసుకునేవానికి ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. అది తన మంచితనం మీద తనకుండే గర్వం. అందుకేనేమో కీర్కెగార్డ్ ఆ గ్రంథాన్ని ఒక ఉపదేశంతో ముగించాడు. దేవుని ఎదుట మనిషి ఎప్పుడూ దోషేనన్నది దాని సారాంశం. హజ్రత్ ఆదం (అలైహిస్సలాం), హవ్వా చేసిన తౌబా మనకు నేర్పేదీ ఈ వినమ్రతే. కేవలం తన ఆచరణల బలంతో ఎవరూ స్వర్గంలో ప్రవేశించలేరని, తాను సైతం దైవకారుణ్యం లేనిదే ప్రవేశించలేనని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చారు.

మన పెద్దలు నఫ్స్‌కు మూడు స్థితులు చెప్పారు. చెడుకు పురిగొల్పే అమ్మారా, తప్పు జరిగితే నిందించే లవ్వామా, ప్రభువుతో సంతృప్తి చెందిన ముత్‌మయిన్నా. కీర్కెగార్డ్ చెప్పిన దశలు వీటితో అచ్చంగా సరిపోవు. కాని మనిషి ఎక్కవలసిన మెట్లున్నాయన్న గ్రహింపు రెండింటిలోనూ ఉంది.

విశ్వాస జీవితం

అదే 1843లో వెలువడిన 'భయము - వణుకు' అనే మరో గ్రంథంలో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) బలిదాన గాథను బైబిలు కథనం ఆధారంగా చర్చించాడు. గ్రీకు గాథలో అగమెమ్నోన్ అనే రాజు తన సైన్యం కోసం కూతురిని బలి ఇస్తాడు. దేశ ప్రయోజనం కనుక జనం అతని కోసం కన్నీరు కార్చగలరు. కాని ఇబ్రాహీం ఏ దేశాన్నీ కాపాడటం లేదు. ఎవరికీ వివరించి చెప్పలేడు. ఆ గ్రంథంలో ఆయన మౌనంగా కొండ ఎక్కుతాడు. ఉన్నతమైన లక్ష్యం కోసం నైతిక నియమం తాత్కాలికంగా ఆగిపోగలదా అన్నది అక్కడ కీర్కెగార్డ్ వేసిన ప్రశ్న.

ఈ ప్రశ్న ప్రమాదకరమైనది. వినిపించిన స్వరం దైవదూతదేనని ఎలా తెలుస్తుందని ఫ్రాన్సుకు చెందిన నాస్తిక అస్తిత్వవాది సార్త్ర్ 1945లో పారిస్ ఉపన్యాసంలో అడిగాడు. దైవం పేరు చెప్పి అమాయకుల రక్తం చిందించేవారు ఉన్న లోకంలో ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేము.

మన జవాబు ఏమిటి? మొదటిది, ప్రవక్తల కల వహీ. ప్రవక్తల పరంపర ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)తో ముగిసింది. కనుక ఆ తరువాత ఎవరి కలా, ఎవరి అంతర్వాణీ హరామును హలాలుగా మార్చలేవు. రెండవది, ఖుర్ఆన్‌లోని ఇబ్రాహీం (అలైహిస్సలాం) మౌనంగా లేరు. 'అస్సాఫ్ఫాత్' సూరాలో ఆయన తన కలను కుమారునికి చెప్పి, నీ అభిప్రాయమేమిటని అడిగారు. కుమారుడు మనస్ఫూర్తిగా సమ్మతించాడు. ఆ తరువాతే ఇద్దరూ దైవాజ్ఞకు తలవంచారు. మూడవది, ఆ బలి జరగలేదు. అది పరీక్ష అని అల్లాహ్ స్వయంగా ప్రకటించాడు. మాంసమూ రక్తమూ తనకు చేరవని, తఖ్వా మాత్రమే చేరుతుందని 'అల్ హజ్' సూరాలో తెలిపాడు.

ఈ జవాబులతో వణుకు పూర్తిగా తగ్గదు. కుమారుడు ఒప్పుకున్నా కత్తి కత్తే. మంచి అనేది దైవం ఆజ్ఞాపించినందుకు మంచి అయిందా, మంచి గనుక దైవం ఆజ్ఞాపించాడా అని ముతజిలా, అషఅరీ, మాతురీదీ పండితులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. కాని ఆ గాథ నుండి మనం చేతపట్టుకోదగిన ఒక గీటురాయి ఉంది. ఆయన అర్పించడానికి సిద్ధపడింది తనకు అన్నిటికంటే ప్రియమైనదాన్ని. అందులో మరొకరి ప్రాణం ఉంది గనుక అతణ్ణి అడిగారు. కనుక ధర్మం పేరిట మనం చేసే పని మన ప్రియమైనదాన్ని కోరుతోందా, లేక ఇతరుల హక్కును కోరుతోందా అని చూసుకోవాలి. ఇతరుల హక్కును కోరుతుంటే అది విశ్వాసం కాదు, టోపీ పెట్టుకున్న నఫ్స్.

ఏటేటా ఉమ్రాకు వెళ్తూ చెల్లెలి వారసత్వ వాటాను ఇవ్వనివాడు ఏ దశలో ఉన్నట్టు? పెద్ద పొట్టేలును ఖుర్బానీ ఇచ్చి, కొడుకు పెళ్ళికి జోడే కీ రఖం లెక్కబెట్టుకునే తండ్రి దేన్ని అర్పించినట్టు? నమాజులు, ఉపవాసాలు, జకాత్‌లతో వచ్చి కూడా ఇతరుల సొమ్ము తిన్నందుకు, వారిని దూషించినందుకు తీర్పుదినాన దివాలా తీసేవాని గురించి హదీసులో ఉంది. కీర్కెగార్డ్ కూడా తన చివరి ఏడాది 1855లో ఇలాంటి పోరాటమే చేశాడు. పుట్టుకతోనే అందరూ క్రైస్తవులుగా లెక్కకెక్కే దేశంలో నిజమైన విశ్వాసం కనుమరుగైందని తన చర్చి పెద్దలనే నిలదీశాడు. మన పేర్లు చూసి మనల్ని విశ్వాసులుగా లెక్కించుకునే మనకూ ఆ మాట తగులుతుంది.

ఆయన ఊహించిన విశ్వాసి చూడటానికి పన్నులు వసూలు చేసే మామూలు ఉద్యోగిలా ఉంటాడు. నెత్తిన ఏ వెలుగూ కనిపించదు. బహుశా మన వీధిలోనే, చెల్లెలి వాటా చెల్లించి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, ఇషా నమాజుకు నడిచి వెళ్తూ ఉంటాడు.

మన ఖుర్బానీల్లో మన స్వార్థాన్ని అర్పించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.