ఇంగొకరికి జాగా

మా తాత డాడ్జ్ కారు బానెట్ మీద ఒక పొట్టేలు బొమ్మ ఉండేది. మెరుగు పోయి, ఒక కొమ్ము అరిగి, చూపు మాత్రం పొగరుగా ఉండేది దానికి. ఆయుధపూజ నాడు అవ్వ దాని నుదుట కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచేది. జాతరకు పొట్టేలును కోసే ఇంట్లోనే పొట్టేలుకు పూజ! చిన్నప్పుడు నాకు అది విడ్డూరంగా తోచేది.

బంగారుపేట నుంచి కోలారు బంగారు గనుల ఊళ్లకు, ముళబాగిలు వైపు పల్లెలకు తాత ఆ కారునే బాడుగకు తిప్పేవాడు. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకే బెంచీ. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి మధ్యలో అడ్డమేమీ లేదు. ముందు నలుగురు, వెనక ఐదుగురు, ఒళ్లలో పిల్లలు. కారు నిండిందని అందరూ అనుకున్న తర్వాత తాత వెనక్కి తిరిగి, "జరగండప్పా, ఇంగొకరు కుచ్చుంటారు" అనేవాడు. డబ్బుల కోసమే అనుకునేవాణ్ణి. సగం నిజం అదే. తక్కిన సగం అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అంత వెడల్పు కారు అమెరికా మోజు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పెట్రోలు చవగ్గా దొరికిన ఆ దేశంలో మనిషి హోదాను కారు పొడవుతో కొలిచే రోజులు వచ్చాయి. 1948 కాడిలాక్‌కు వెనకవైపు చిన్న తోకరెక్కలు మొలిచాయి. యుద్ధ విమానం తోకను చూసి ముచ్చటపడి పెట్టినవవి. 1959కల్లా అవి కత్తుల్లా నిక్కాయి, కారు పొడవు 5.7 మీటర్లయింది. ఆ రెక్కలతో పని ఏమీ లేదు, అదే వాటి దర్జా. రెండు టన్నులకు మించిన ఇనుము, చాలాసార్లు అందులో ఒక్క మనిషి. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. 1977 నాటికి జనరల్ మోటార్స్ తన పెద్ద కార్లనే కుదించుకుంది. ఆ లెక్కలో మా డాడ్జ్ మధ్యరకందే, కాడిలాక్ ముందు నిలబడేది కాదు. బంగారుపేటలో మాత్రం దాన్ని మించింది మేం చూడలేదు.

అది మా దాకా వచ్చిన దారిలో మా జిల్లా మనిషి అడుగూ ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి అప్పట్లో కోలారు జిల్లాలోదే. 1935లో, డెబ్బై దాటిన వయసులో, ఆయన అమెరికా, యూరప్ వెళ్లి మోటారు కర్మాగారాలు చూసి వచ్చి, ఇక్కడే కార్లు తయారుచేద్దామని పథకం వేశాడు. ఆ ఆలోచననే పట్టుకుని పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టాడు. క్రైస్లర్ వాళ్లతో కలిసి బొంబాయి కుర్లాలో డాడ్జ్, ప్లిమత్ కార్లు బిగించారు. తాత బండి అక్కడిదే.

గనుల్లో మా చిన్నమ్మ వాళ్లది లైను ఇల్లు. ఒకదానికొకటి అతుక్కున్న గదుల వరసను అక్కడ లైను అంటారు. వాళ్లింటి ముందు డాడ్జ్ నిలిపితే రెండిళ్ల వాకిళ్లు మూసుకుపోయేవి. పక్కింటావిడ బిందెతో ఒక తలుపు తెరిచి కారులోకెక్కి, అవతలి తలుపులోంచి దిగిపోయేది. విసుక్కునేది కాదు, నవ్వేది. తెల్లదొరలు వదిలి వెళ్లిన బంగళాల వైపు పోతే అదే కారు చిన్నదైపోయేది. ఆ కాంపౌండుల్లో అలాంటివి పది తిరగొచ్చు. ఎవరూ తిరిగేవారు కారు.

చిన్నాయన పని చాంపియన్ రీఫ్‌లో. ఆ గని మూడు కిలోమీటర్లకు మించి లోతు, అడుగున రాతి వేడి అరవై డిగ్రీలు దాటేది. కేజ్‌లో మనిషికి మనిషి ఆనుకుని దిగాలి. తొలిరోజుల్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైగా బంగారం పడిందట, చివరికి మూడు నాలుగు గ్రాములకు వచ్చింది. రాయి మాత్రం అంతే బరువు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, బంగారం తీసేసిన రాతిపొడితో సైనైడ్ దిబ్బలు మిగిలాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఆ తోకరెక్కలే గుర్తొస్తాయి. ఎంత ఇనుముకు ఎందరు మనుషులు, ఎంత రాయికి ఎంత బంగారం అన్న లెక్క మనసులో తిరుగుతుంది. ఆ లెక్కలో తాత ఒక్కడే గట్టివాడు అనిపిస్తుంది. ఒంటరి దర్జా కోసం చేసిన వెడల్పులో ఆయన పదిమందిని కూర్చోబెట్టాడు. నొప్పులు పడుతున్న మనిషి కాళ్లు చాపుకుని పడుకోవడానికి వెనక సీటు సరిపోయేది. ఆ బాడుగ ఆయన ఎన్నడూ గట్టిగా అడగలేదు.

ఇప్పుడు నాకున్నది చిన్న కారు. ముందు సీట్లు రెండూ విడివిడి, మధ్యలో గేరు, హ్యాండ్‌బ్రేకు. మూడోవాడికి చోటు లేదని కంపెనీవాడే తీర్పు చెప్పేశాడు. వెనక సీటు మీద నా లాప్‌టాప్ సంచి కూర్చుని వస్తుంది. వానలో బస్టాపు దాటేటప్పుడు నేను చూపు తిప్పుకుంటాను.

డాడ్జ్‌ను తాత తన చివరి రోజుల్లో పాత ఇనుముకు అమ్మేశాడు. ముందు సీటు మాత్రం ఇవ్వలేదు. అది మా ఊరి ఇంటి అరుగు మీదే ఉంది. రెక్సిన్ చిరిగి, స్ప్రింగులు కుయ్యిమంటాయి. మొన్న సంక్రాంతికి వెళ్తే దాని మీద ముగ్గురు ముసలమ్మలు వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారు. నేను నిలబడి ఉండటం చూసి, చివరనున్న ఆమె చాట ఒళ్లోకి లాక్కుని, పక్కావిణ్ణి మోచేత్తో పొడిచింది.

"జరుగమ్మా."