చుక్క చాటున నున్నవి

కంటికి అగపడనిదెల్ల రహస్యమగునా? దాచబడినదెల్ల దోషమగునా? ప్రియ చదువరులారా, ఈ ప్రశ్నను ఈ మాసము కంప్యూటరు ముందు కూర్చుండి ఆలోచింతము. మన గ్రామముల పిల్లలు అనేకులు దిల్‌సుఖ్‌నగరు కోచింగు సెంటర్లలో చదువుటకు పోయి, కర్మన్‌ఘాట్ ప్రాంతపు హాస్టళ్లలోను అద్దె గదులలోను బస చేయుదురు. గనుక ఈ సంగతి మన యిండ్లకు దూరమైనది కాదు.

లినక్సు కంప్యూటరులో బొమ్మలు నొక్కుటకు బదులు ఆజ్ఞలు టైపు చేయు విధమొకటి కలదు. ఆ ఆజ్ఞలను గైకొను ప్రోగ్రామును షెల్ అందురు. అక్కడ 'ఎల్‌ఎస్' అని కొట్టిన యెడల ఫోల్డరులోని ఫైళ్ల పేర్లు వచ్చును. అయితే చుక్కతో ఆరంభమగు పేర్లు రావు. ఖాళీ విడిచి, అడ్డగీతయు ఇంగ్లీషు చిన్న 'ఏ' అక్షరమును చేర్చినప్పుడే అవియు బయలుపడును.

ఈ మరుగు పుట్టిన విధము వినుడి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1969లో యూనిక్సు పని మొదలైనది. అందులో ప్రతి ఫోల్డరునకు తన్ను సూచించు ఒంటి చుక్కయు, పై ఫోల్డరును సూచించు జంట చుక్కయు ఉండెను. ఈ రెంటిని మాత్రమే చూపకుండవలెనని, మొదటి అక్షరము చుక్కయైనచో విడిచిపెట్టునట్లు ప్రోగ్రాము వ్రాసిరట. అందుచేత చుక్కతో మొదలగు పేర్లన్నియు మరుగైపోయెను. అచ్చట పనిచేసిన రాబ్ పైక్ 2012లో ఈ సంగతి వ్రాసెను. ఎవరును కోరని మరుగు పిమ్మట ఆచారమాయెను. (ఆచారములు పెక్కింటి పుట్టుక ఇట్టిదే యని మాకు తోచును.) ప్రోగ్రాములు తమ అమరికలను ఆ చాటున నుంచుకొన మొదలుపెట్టెను.

అయితే మూత వేరు, తాళము వేరు. చుక్క మూత వంటిది. ఈగలు వ్రాలకుండ కుండకు మూతవేసిన ఇల్లాలిని దొంగ యని యెవరందురు? తాళమును వేరుగా 'సీహెచ్‌మాడ్' అను ఆజ్ఞతో వేయవలెను. దూరపు కంప్యూటరులో ప్రవేశించుటకైన రహస్యపు కీ 'చుక్క ఎస్‌ఎస్‌హెచ్' అను ఫోల్డరులో నుండును. ఇతరులు చదువగలుగునట్లు దానిని విడిచిన యెడల ఆ ప్రోగ్రామే దానిని వాడ నొల్లదు. యెహోషువ 7వ అధ్యాయములో ఆకాను డేరాలో పాతిపెట్టిన వెండి సంగతి కలదు. అతని తప్పు అపహరణముతో మొదలైనది. మరుగు దానికి తోడుబోయినది.

ఇక కష్టమైన ప్రశ్న. కుమారుని చూడవచ్చిన తండ్రి ఈ ఆజ్ఞ నేర్చుకొన్నాడనుకొందము. కొట్టి చూడవచ్చునా? బాష్ అను షెల్ వాడువాడు టైపు చేసిన ఆజ్ఞలు, పని ముగించి మూయునప్పుడు, 'చుక్క బాష్ హిస్టరీ' అను ఫైలులో సాధారణముగా వ్రాయబడును. పేర్లు చూచుట అలమరలోనికి చూచుట వంటిది. ఫైలు విప్పుట జాబు విప్పుట వంటిది. పసివాని విషయములో తండ్రికి అధికారము కలదు. ఎదిగిన కుమారుని నిద్రలో నుంచి విప్పుట తగదని మా తలంపు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నాయనా, ఇదేమి?" అని అడుగవచ్చును గదా. అతడు చెప్పనొల్లని యెడల ఆ ఫైలుకంటె ఆ మౌనమునుగూర్చియే ముందు మాటలాడవలెను.

గది విడుచు పిల్లలకు ఒక మాట. నక్షత్రపు గురుతు పెట్టి ఫైళ్లన్నియు తీసివేసితిమనుకొందురు. సాధారణముగా ఆ గురుతు చుక్క పేర్లను తాకదు. ఫోల్డరు ఖాళీగా కనబడును, 'ఆర్‌ఎమ్‌డిర్' అని కొట్టగా ఖాళీగా లేదని జవాబు వచ్చును. ఉమ్మడి కంప్యూటరును మరియొకరికి అప్పగించుటకు ముందు ఆ చిన్న 'ఏ' అక్షరముతో ఒకసారి చూచుకొనుడి; మీ కీలు అక్కడనే యుండవచ్చును.