ఎకరమిచ్చి కొన్న చదువు

జహీరాబాద్ దిక్కున ఎర్రచెలకల ఊళ్లో ఒక రైతుకు రెండెకరాలుండేవి. బోరు కింద చెరకు ఒక ఎకరం, వానను నమ్ముకున్న చెలక ఇంకో ఎకరం. చెరకు డబ్బు తెచ్చేది, చెలక అప్పు తెచ్చేది.

అదే ఊళ్లో ఒక ముసలమ్మ విత్తనాలు దాచేది. జొన్న, కంది, కొర్ర, సజ్జ, అనుములు దేని గంప దానిదే. గింజలకు బూడిద పట్టించి, ఎండు వేపాకు వేసి, గంప మూతిని పేడతో మెత్తేది. ఏ కార్తెలో ఏ గింజ వెయ్యాలో, ఏ సాలు పక్కన ఏ సాలు పెట్టాలో ఆమెకే తెలుసు.

రైతు ఆ విద్య నేర్పమన్నాడు. డబ్బిస్తానన్నాడు, వద్దంది. ఎడ్ల జతనిస్తానన్నాడు, అదీ వద్దంది. చెరకెకరాన్ని ఊరి విత్తనానికి వదిలెయ్యమంది. అతను కోపంతో ఇంటికి పోయాడు.

ఇది విన్న పొరుగువాడు రాత్రికి రాత్రి ఒక గంప ఎత్తుకుపోయాడు. రోహిణిలో పడ్డ తొలి జల్లుకే గింజలన్నీ చల్లేశాడు. మొలకలు వారంలో మాడిపోయాయి.

రైతు చాలా రోజులు నిద్రపోలేదు. చివరికి ఒక బుధవారం పొద్దున నడుమెత్తు పెరిగిన చెరకును తన చేత్తోనే నరికాడు. నాకు ఈ కథంతా ఆ కత్తి వేటు దగ్గరే ఉంది. ఊరు నవ్వింది, ఇంట్లో పొయ్యి ఒంటిపూటే వెలిగింది. మూడు వానకాలాలు అతను ముసలమ్మ వెంట తిరిగాడు. నాలుగో ఏడు నలభై రోజులు చినుకు లేదు. జొన్న వాడింది కాని, వేరు లోతుకు దిగిన కంది నిలబడింది. ఆ ఏడు ఊరంతా విత్తనానికి అతని వాకిటికే వచ్చింది. ఇచ్చిన ఎకరం మాత్రం అతనికి తిరిగి రాలేదు.

ఇలాంటి బేరమే ఒక పాత పురాణంలోనూ ఉంది. పాత జర్మానిక్ జాతుల దేవుళ్లకు పెద్ద వోడెన్, ఆ జాతుల్లో ఉత్తర యూరప్ వాళ్లు ఆయన్ని ఓడిన్ అన్నారు. మిమీర్ అనేవాడి బావిలోని జ్ఞానజలం ఒక్క గుక్క కోసం ఆయన తన కన్నే ఇచ్చాడు. వోడెన్ పేరు మీదే ఇంగ్లిషువాళ్లకు వెడ్నెస్‌డే వచ్చింది, మనకది బుధవారం, బుధుడంటే తెలిసినవాడు. తెలిసిన పెద్దల గడప తొక్కేముందు, ఏది వదులుకోగలరో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి.