బంగారం చాటు చెక్క

భువనగిరి పక్కనే ఉన్న యాదగిరిగుట్టలో పునర్నిర్మించిన ఆలయం 2022 మార్చి 28న తెరుచుకున్నప్పుడు అందరూ కృష్ణశిల గురించే మాట్లాడుకున్నారు. ఆ గుడికి టేకు తలుపులు చేసింది హైదరాబాద్ బోయినపల్లిలోని అనురాధ టింబర్స్. అయోధ్య రామాలయం తలుపులూ తర్వాత వాళ్లే చేశారు. బల్లార్షా టేకు తెప్పించి, కన్యాకుమారి వైపు పనివాళ్లతో చెక్కించారు. అయోధ్య గర్భాలయ తలుపులకు చివర్లో బంగారు తాపడం వేశారు.

భక్తుడికి కనిపించేది ఆ బంగారమే. మరి దాని చాటున కొయ్యకు కొయ్యను అంత శ్రద్ధగా కూర్చేది ఎవరి కోసం?

తలుపు చట్రం కట్టేటప్పుడు నిలువు కొయ్యకు బెజ్జం తొలిచి, అడ్డకొయ్య కొసను దానికి సరిగ్గా చెక్కి దిగగొడతారు. వెంట్రుకవాసి వదులున్నా ఆరోజు ఎవరికీ తెలియదు. నాలుగు వానాకాలాలు తడిసి ఆరాక తలుపు వాలి గడపను రాసుకుంటుంది. అప్పటికి మేస్త్రి కూలి తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. అడిగేవాళ్లు లేని ఆ బెజ్జం దగ్గర అతను ఆగి, మళ్లీ ఉలి పట్టాడంటే అది భక్తే. గంట కొట్టి చేసే పూజకు ఏమాత్రం తీసిపోదు.

ఐతరేయ బ్రాహ్మణం శిల్పాన్ని ఆత్మసంస్కారమంది. చైనా తాత్వికుడు చువాంగ్జీ గ్రంథంలో ఒక వడ్రంగి గంట వేలాడదీసే స్టాండు చేయడానికి ముందు ఉపవాసం ఉంటాడు. మూడు రోజులకు బహుమానం ఊసు పోతుంది, అయిదు రోజులకు మెప్పూ నిందా పోతాయి, ఏడో రోజుకు తన ఒళ్లే మరిచిపోతాడు. ఆ తర్వాతే చెట్టు కోసం అడవికి వెళతాడు.

మన వడ్రంగులు తమను విశ్వకర్మ కొడుకుల్లో ఒకడైన మయుడి సంతతిగా చెప్పుకుంటారు. దసరానాడు ఉలి, బాడిస, రంపం కడిగి పసుపు కుంకుమ పెడతారు. అయితే ఈ శ్రద్ధ పుట్టుకతో వచ్చేది కాదు, పెద్ద మేస్త్రి పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటే అబ్బేది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం వడ్రంగులకు పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఇస్తోంది. మంచిదే. యంత్రాలూ రావచ్చు, యంత్రం తొలిచిన బెజ్జాన్ని కూడా వేలితో తడిమి చూసే మనిషి ఉండాలి. ఏళ్ల తరబడి నేర్పి ఆ మనిషిని తయారుచేసే ఖర్చు మాత్రం లెక్కల్లో పెద్దగా కనబడదు. గుళ్లు కట్టించే ట్రస్టులు, దేవాదాయ శాఖ కలప ధరతోపాటు ఒక్కో మేస్త్రి దగ్గర ఇద్దరు పిల్లలు నేర్చుకునే కూలినీ అంచనాల్లో రాయాలి.